మూత వెనక పెన్సిల్ అక్షరాలు

మా కంపెనీ అమ్ముడుపోయిందన్న సంగతి మాకు కంపెనీ చెప్పలేదు. మధిరలో పత్తి మిల్లు గుమస్తా చెప్పాడు. అప్పుడు నేను ఆయన బల్ల కింద వెల్లకిలా పడుకుని ఫోను తీగ బిగిస్తున్నాను. పైన పేపరు తిప్పుతున్న చప్పుడు ఆగింది.

"ఏమయ్యా, మీ కంపెనీని ఎవరో కొనేశారంట గదా! పేపర్లో పడింది. మరి నువ్విప్పుడు ఎవరి జీతగాడివి?"

లేవబోయి బల్లకు నుదురు కొట్టుకున్నాను. బొప్పి కట్టింది. తొమ్మిదేళ్ళు చాకిరీ చేసిన నాకంటే, ఫోను వాడుకునే గుమస్తాకు ముందు తెలిసిందంటే ఒళ్ళు మండింది. ఆయన మీద మండటం అన్యాయమే. కానీ ఎదురుగా ఉన్నది ఆయనే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ మాట ఇది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్నాయి. మా కంపెనీ ఇంటర్‌కమ్ ఎక్స్‌ఛేంజీలు తయారుచేసేది. బయటి నుంచి వచ్చే రెండు మూడు లైన్లను లోపల ఇరవై ముప్పై ఫోన్లకు పంచే పెట్టె అన్నమాట. మిల్లులు, లాడ్జీలు, ఆసుపత్రులు, హాస్టళ్ళు కొనేవి. ఖమ్మంలో ఒక మందుల షాపు పైనున్న గది మా బ్రాంచి. మధిర, బోనకల్, కల్లూరు నుంచి భద్రాచలం అవతల అడవి అంచు దాకా ఆ పెట్టెలన్నీ చూసేది మేం ముగ్గురం.

ముగ్గురిలో పెద్దాయనది మధిర వైపు. రిటైరవడానికి రెండేళ్ళుంది. మా ఇద్దరికీ పని నేర్పింది ఆయనే. మూడో అతను కొత్తగూడెం అవతల ఒక తండావాడు. నాకంటే రెండేళ్ళు చిన్న, నా తర్వాత నాలుగేళ్ళకు చేరాడు. వాళ్ళ తండాలో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి. నేను అతన్ని 'తమ్మీ' అని పిలిచేవాణ్ణి, ఇక్కడ కూడా తమ్ముడనే రాస్తాను.

ఇక నేను. మా అమ్మ నా గురించి ఊరంతా చెప్పే మాట ఒకటుంది: "వీడు పాలు గూడ వాసన చూసి తాగెటోడు." నిజమే. బస్సు కండక్టర్ టికెట్ చింపి ఇస్తే చిరుగు ఎటు పోయిందో చూస్తాను. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే ముందు జేబు తడుముకుంటాను. ఇలాంటివాడికి కంపెనీ అమ్మకం వార్త దొరికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

వారం తర్వాత హైదరాబాద్ నుంచి ఫ్యాక్స్ వచ్చింది. ఉద్యోగుల విషయంలో ఏమీ మారదు, ఎప్పటిలాగే పనిచేయండి అని. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఏమీ మారనప్పుడు, ఏమీ మారదని చెప్పడానికి కాగితం దేనికయ్యా?" అన్నాడు.

తమ్ముడు నవ్వాడు. "మా యాడి గూడ గిట్లనే అడిగింది" అన్నాడు. వాళ్ళ భాషలో అమ్మను యాడి అంటారు. "కంపెనీని అమ్మితే మిమ్మల్ని గూడ అమ్మినట్టేనా అని అడిగింది. ఏం చెప్పాల్నో తెల్వలే."

"గేదెను అమ్మినా పలుపు అమ్మరు గదా. పలుపు విప్పి మనింట్లోనే పెట్టుకుంటాం" అన్నాడు పెద్దాయన. "మనం గేదెలమో పలుపులమో, అదే తేలాలి."

ఆ రోజు ముగ్గురం పడీ పడీ నవ్వుకున్నాం. మేం ముగ్గురం కలిసి నవ్విన చివరి రోజు అదే అనుకుంటాను.

తర్వాత ఇంకో ఫ్యాక్స్ వచ్చింది. మా చొక్కాల సైజులు పంపమని. కొత్త కంపెనీ యూనిఫాం కుట్టిస్తుందట. తమ్ముడు సంతోషపడ్డాడు, ఉంచుకోకపోతే చొక్కాలెందుకు కుట్టిస్తారన్నాడు. "బలిచ్చే మేకకే బొట్టు పెడతరు తమ్మీ" అన్నాను నేను. అతను సైజు రాసిచ్చాడు. నేను మూడు రోజులు రాయలేదు. చివరికి ఒక సైజు పెద్దది రాశాను. ఎందుకలా రాశానో ఇప్పటికీ తెలియదు, నిజం చెప్పబుద్ధి కాలేదంతే.

చొక్కాల వెనకే అసలు సంగతి నోటిమాటగా వచ్చింది. ఖమ్మంలో ఒక్క టెక్నీషియన్ చాలట. కొత్త కంపెనీ నుంచి ఒకాయన వచ్చి సైట్లు చూసి, ఎవరిని ఉంచాలో తేలుస్తాడట. పెద్దాయన ఆ పూటే తన మనసు కుదుటపరుచుకున్నాడు. "నన్నెటూ ఉంచరు. మీ ఇద్దరిలో ఎవరో చూసుకోండి" అన్నాడు. మా ఇద్దరి మధ్య ఒకే ఒక్క కుర్చీ లాగి వేసినట్టయింది.

నాకు ఆ ఉద్యోగం పోకూడదు. అన్నం పుట్టదని కాదు. కల్లూరు దగ్గర మా ఊళ్ళో మా అన్న పత్తి వేస్తాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజు, "పో పో, ఎన్నడైనా మళ్ళ నా చేనుకాడికే వస్తవ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నా వాటా భూమి కూడా తనే చేస్తున్నాడు. తిరిగి వెళ్ళి, ఆయన గట్టు మీద నిలబడి, ఏ పని చెయ్యమంటావన్నా అని అడగడం నా వల్ల కాదు. చచ్చినా కాదు.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది, అది చెప్పాలి. ప్రతి సైటులో గోడకు ఒక ఇనుప డబ్బా ఉంటుంది. గదుల నుంచి వచ్చే ఫోను తీగలన్నీ దాంట్లోకి చేరతాయి. చూడటానికి అన్నీ ఒకటే. ఏ తీగల జంట ఏ గదిదో డబ్బా మూత లోపలివైపు పెన్సిల్‌తో రాసిపెడతాం. గదులు మారుతుంటాయి కాబట్టి పెన్సిల్. కింద మూలన, ఆ సైటు పెట్టినవాడి, అంటే అక్కడ మొదట ఎక్స్‌ఛేంజి బిగించినవాడి గుర్తు ఉంటుంది. నాది త్రికోణంలో చుక్క. తమ్ముడిది రెండు అడ్డగీతలు. తర్వాత ఎవడు రిపేరుకు వెళ్ళినా మార్పులు రాయాలి గానీ తన గుర్తు పెట్టకూడదు. పెట్టినవాడి గుర్తే ఉండాలి. ఇది కంపెనీ రూలు కాదు, పెద్దాయన మాకు నేర్పిన మర్యాద.

నా బుర్రలో పురుగు అక్కడే దొలిచింది. మూత మీద అంతా రాసి ఉంటే, హైదరాబాద్ నుంచి ఎవడొచ్చినా చదువుకుని పని చేసుకుపోతాడు. ఇక నాతో పనేముంది? రాసింది లేకపోతే? అప్పుడు నేనే కావాలి.

మా పాప అప్పుడు ఒకటో తరగతి. దాని కంపాస్ డబ్బాలో గులాబీ రంగు రబ్బరు ఉండేది, పండు వాసన వచ్చేది. అది జేబులో వేసుకుని బయల్దేరాను. సర్వీసింగ్ పేరు చెప్పి నా సైట్లన్నీ తిరిగాను. మూత మీదున్నదంతా నా చిన్న నోటుబుక్కులో ఎక్కించుకోవడం, మూత శుభ్రంగా తుడిచేయడం. మధిర మిల్లు, బోనకల్‌లో గోడౌను, ఖమ్మంలో రెండు హాస్టళ్ళు. చివరికి గోదావరి దాటి, అడవి అంచునున్న ఆసుపత్రి. అది నా సైట్లన్నింట్లో పెద్దది, నలభై ఫోన్లు. అక్కడ తుడిచేసరికి రబ్బరు సగమైంది. నా త్రికోణం కూడా తుడిచేశాను. ఇంటికొచ్చాక పాప రబ్బరు కోసం ఏడిస్తే కొత్తది కొనిచ్చి, చాలా తెలివైనవాణ్ణని అనుకున్నాను.

అనుమానం పెట్టుకున్నాక అది ఒకచోట ఆగదు. నేను చేసిన పని తమ్ముడికి తెలిసిపోతుందేమోనని మొదలై, తమ్ముడే కొత్త కంపెనీకి కబుర్లు మోస్తున్నాడేమో అన్నదాకా పోయింది. అతను ఆఫీసు ఫోన్లో వాళ్ళ భాషలో గంటలు గంటలు మాట్లాడేవాడు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మధ్యలో 'కంపెనీ', 'ఖమ్మం', 'సారు' అన్న మాటలు మాత్రం వినపడేవి. కంపెనీ అమ్ముడుపోయిన మనిషి ఇంటికి ఫోన్ చేస్తే కంపెనీ అనకుండా ఇంకేమంటాడు? నాకు అప్పుడు ఆ మాత్రం తోచలేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుంది.

పెద్దాయన చెవిలో వేశాను. "వాడు లోపల్లోపల వాళ్ళతోని మాట్లాడుతుండు. నేను విన్న" అన్నాను. విన్నానన్నది అబద్ధం. పెద్దాయన నా మొహంలోకి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మర్నాటి నుంచి మధ్యాహ్నం తమ్ముడు జొన్నరొట్టెల మూట విప్పేసరికి మేమిద్దరం టీ కొట్టుకు దిగిపోయేవాళ్ళం. అతను రెండు రోజులు 'ఆగన్నా నేనూ వస్తున్న' అన్నాడు. మూడో రోజు నుంచి అనలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

వానలు మొదలైన వారంలో ఆసుపత్రి దగ్గర పిడుగు పడింది. నేను కల్లూరు పెళ్ళిలో ఉండటంతో తమ్ముడు వెళ్ళాడు. పొద్దున పోయినవాడు మర్నాటికి గానీ రాలేదు.

"ఎన్ని ఫోన్లు పోయినయ్?" అన్నాను.

"రెండే అన్నా."

"రెండు ఫోన్లకు రోజంతనా?"

నా వైపు ఒక్క క్షణం చూశాడు. "లైన్లు దొరకలే అన్నా" అని, తడిసిన బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు.

నాకు లోపల గుబులు, దాని వెనకే సంబరం. నా పథకం పనిచేసిందన్న ఆనందం. వీడికే దొరకలేదంటే ఇక హైదరాబాద్ వాడికేం దొరుకుతుంది? గుబులు మాత్రం ఆ చూపు గురించి. వీడికి తెలిసిపోయింది, పోయి చెప్తాడు అనుకున్నాను.

కొత్త కంపెనీ ఆయన ఆ నెలలోనే వచ్చాడు. నా వయసువాడే, మర్యాదగా మాట్లాడే మనిషి, మెడలో చిన్న కెమెరా. మొదటి రోజు నన్ను వెంటబెట్టుకుని మధిర వెళ్ళాడు. ఎక్స్‌ఛేంజి వంక చూడనైనా చూడకుండా నేరుగా గోడ మీది డబ్బా మూత తెరిచాడు.

"ఇక్కడ రికార్డు లేదేంటి?"

"అంత నా తలకాయల ఉంది సార్" అన్నాను గర్వంగా.

ఆయన మూతను ఫోటో తీసుకున్నాడు. బోనకల్‌లో కూడా తెరిచాడు. "ఇదీ తలకాయలోనేనా?" అన్నాడు. ఈసారి తల మాత్రం ఊపాను. ఖమ్మం తిరిగి వస్తుంటే జీపులో ఆయనే చెప్పాడు, చాలా మామూలుగా. "మెషీన్లు అన్ని చోట్లా ఒకటేనండీ. నేను చూసేది మూతలే. రాసిపెట్టేవాడు రేపు సెలవులో ఉన్నా పని ఆగదు. మాకు కావలసింది అలాంటివాడు."

చెయ్యి తీసుకెళ్ళి జేబులో నోటుబుక్కు మీద పెట్టుకున్నాను. తొమ్మిదేళ్ళు రాసిందంతా అందులోనే ఉంది, ఎవరికీ కనపడకుండా. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, అదీ పాప రబ్బరుతో.

రెండో రోజు తమ్ముడి సైట్లు చూశాడు. సాయంత్రం వచ్చి, "మీ వాడి మూతలు పుస్తకంలా ఉన్నాయండీ" అన్నాడు నాతోనే. మా ఇద్దరివీ సమానంగా ఉంటే సీనియర్‌ని ఉంచమన్నారట. "మీ మిల్లుల్లో దుమ్ము ఎక్కువ, చెరిగి ఉండొచ్చు. రేపు ఆ ఆసుపత్రి చూసి రాసేస్తాను" అన్నాడు. నన్ను బతికించాలనే ఆయన ఆ ఆసుపత్రిని చూస్తానన్నాడని నాకు అర్థమైంది. ఆ మూత మీద ఏమీ లేదని ఆయనకు తెలియదు.

మూడో రోజు ముగ్గురం జీపులో బయల్దేరాం. నిచ్చెనకూ పనిముట్లకూ తోడుగా తమ్ముణ్ణి కూడా రమ్మన్నాడు. పాల్వంచ దాటి, వంతెన దాటి, అడవి మొదలైంది. వాన పడుతూనే ఉంది. దారంతా ఒకటే లెక్క వేసుకుంటున్నాను. ఆయన సూపరింటెండెంట్ గదిలో కూర్చుని టీ తాగే లోపు నేను పరిగెత్తి, నోటుబుక్కు చూసి, కనీసం పది గదులైనా రాయాలి. పెన్సిల్ చెక్కి పెట్టుకున్నాను కూడా.

ఆయన టీ వద్దన్నాడు. "ముందు డబ్బా చూద్దాం" అన్నాడు.

మెట్ల కింద చీకటి మూల అది. తమ్ముడు టార్చి పట్టుకున్నాడు. నేను వాళ్ళ వెనక నిలబడ్డాను, దొంగకు తేలు కుట్టినట్టు. మూత తెరుచుకుంది.

మూత నిండా అక్షరాలు. నల్ల మార్కర్‌తో, నలభై గదులూ, వరుసకు పది చొప్పున. ఓపీ, ప్రసూతి వార్డు, మందుల గది, నర్సుల క్వార్టర్స్, ఒక్కటీ పోలేదు. కింద మూలన త్రికోణం. త్రికోణంలో చుక్క.

ఆ అక్షరాలు నావి కావు. నాకు తెలిసిన అక్షరాలే.

"వెరీ గుడ్" అన్నాడాయన కెమెరా తీస్తూ. "ఈ సైటు ఎవరిది?"

"అన్నది సార్" అన్నాడు తమ్ముడు. "అన్ననే పెట్టిండు."

ఆయన నా వైపు తిరిగాడు. "మీ చేతి రాతేనా?"

టార్చి వెలుగు మూత మీదే ఉంది. తమ్ముడు నా వైపు చూడలేదు. కాదు సార్ అనడానికి నాకు కావలసినంత సమయం ఉంది. ఆ సమయం నాకు ఇప్పటికీ గుర్తుంది.

"అవ్ సార్" అన్నాను.

తిరిగి వస్తూ పాల్వంచలో టీకి ఆగాం. ఆయన ఫోను చేసుకోవడానికి పక్కకు వెళ్ళాడు. నెల రోజుల తర్వాత మొదటిసారి తమ్ముడూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. టీ గ్లాసు అతనే తెచ్చి నా చేతికిచ్చాడు.

"ఎందుకు రాసినవ్ తమ్మీ?"

"పిడుగు పడ్డనాడు చూస్తే మూత మీద ఏం లేకుండె. చెమ్మకు పోయినట్టుంది అన్నా. మళ్ళ నువ్వొస్తే తిప్పలయితదని అన్ని లైన్లు పట్టి రాసిన."

లైన్లు పట్టడమంటే, ఒక చివర పీపీ మనే చిన్న పెట్టె తగిలించి, రెండో చివర ఏ తీగలో ఆ చప్పుడు వస్తుందో వెతకడం. నలభై గదులకు నలభైసార్లు నడవాలి, ఒక్కడే. అందుకే రెండు ఫోన్లకు రోజంతా పట్టింది. చెమ్మే అనుకున్నాడు, బతికిపోయాను అనుకున్నాను. అతని మంచితనం కంటే ముందు నాకు తోచిన మాట అదే. నా బుద్ధి అలాంటిది.

పదిహేను రోజులకు కాగితాలు వచ్చాయి. రికార్డులు ఇద్దరివీ బాగున్నాయి కాబట్టి సీనియర్‌ని ఉంచుతున్నామని. తమ్ముడికి వేరే రాష్ట్రంలో ఏదో చోటు ఇస్తామన్నారు, యాడిని వదిలి అంత దూరం పోలేనని అతను మానేశాడు. వెళ్ళే రోజు పనిముట్ల సంచి నాకు అప్పజెప్పి, "ఆసుపత్రి డబ్బాల మూడో వరుస ఒకసారి చూసుకో అన్నా, కరెంటు లేనప్పుడు చీకట్ల రాసిన" అన్నాడు. సరే అన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. పెద్దాయన తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు, నాతో మాట్లాడకుండానే మెట్లు దిగాడు.

కొత్త చొక్కా వచ్చింది. ఒక సైజు పెద్దది. దాన్నే వేసుకుని ఆరేళ్ళు చేశాను. మా అన్న ఇంటికొచ్చినప్పుడల్లా ఆ చొక్కా వంక చూసి ఏమీ అనేవాడు కాదు. నేను కోరుకున్నది అదే, దొరికింది. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా మాత్రం ఆ మూత తెరవాలంటే ఒళ్ళు ముడుచుకునేది. మూడో వరుసలో ఒక్క తప్పు కూడా లేదు.

ఆ ఆరేళ్ళ చివర్లో ఒకసారి పాల్వంచలో బస్సు మారుతూ, ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపులో తమ్ముణ్ణి చూశాను. సొంత షాపు. కళ్ళజోడు వచ్చింది. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు. ఇంటి కబుర్లూ పిల్లల కబుర్లూ అయ్యాక, ఇక మోయలేక, చెప్పేశాను. "తమ్మీ, ఆ ఆసుపత్రి మూత చెమ్మకు పోలేదు. నేనే తుడిచిన."

అతను చేతిలో ఫోను వెనక మూత విప్పుతున్నాడు. విప్పడం ఆపలేదు.

"ఎరకే అన్నా. డబ్బాల అడుగున రబ్బరు పొట్టు ఉండె. గులాబీ రంగుది. వాసన గూడ వచ్చింది."

"మరి నా గుర్తెందుకు పెట్టినవ్?" అన్నాను.

"ఆ సైటు పెట్టింది నువ్వే గదా" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. చిన్న బ్రష్ తీసుకుని ఫోను లోపలి దుమ్ము దులుపుతూ, "పొట్టంత ఊడ్చేసిన గని, ఆ సారు చూడలేదు గదా?" అని అడిగాడు.

చూడలేదన్నాను.